ఆరడుగుల కట్టర్

ఆ శనివారం ఉదయం దామోదర్ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి డీలర్ దగ్గరికి వెళ్ళాలి, ట్రాక్టర్ వెనక తగిలించే రోటరీ కట్టర్ నాలుగడుగులది ఒకటి కొనాలి, సాయంత్రానికల్లా పొలంలో గడ్డి కొట్టేయాలి. మిషిగన్‌లో ముప్పై ఏళ్ళుగా కార్లకు గేర్‌బాక్సులు డిజైన్ చేస్తున్న మనిషికి ఇదొక లెక్క కాదు. తన చిన్న ట్రాక్టర్ బలమెంతో, చక్రాల వెడల్పెంతో ఆయనకు తెలుసు. నాలుగడుగులది సరిగ్గా సరిపోతుంది. ఎవరినీ అడగకపోతే ఇందులో చర్చకు తావే లేదు.

పొలం రేణుది. కాగితాల మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నా, ఎంచింది రేణు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లుండగా ముప్పావు గంట దూరంలో ఐదెకరాల బీడు ఎందుకో ఆమె చెప్పలేదు. మూడేళ్ళ కిందట ఒక సెప్టెంబరులో చూడటానికి వెళ్ళినప్పుడు, నడుమెత్తు పెరిగిన పిచ్చిమొక్కలు చూసి, పొలం అమ్మే ఏజెంటే సిగ్గుపడి క్షమాపణ చెప్పాడు. రేణు కారు దిగి వాటి మధ్యకు నడిచి కాసేపు నిలబడింది. వెనక్కి వచ్చి, "ఇదే తీసుకుందాం. ఇంకేవీ చూడొద్దు" అంది. దామోదర్ కారణం అడగలేదు. ధర తక్కువని కాబోలు అనుకున్నాడు. మరుసటి సెప్టెంబరు ఆమె ఆసుపత్రిలో గడిపింది. ఆ తర్వాతి సెప్టెంబరు ఆమె చూడలేదు.

ఈ ఏడు బతుకమ్మ రేణు పొలంలోనే ఆడుదామని నాగమల్లేశ్వరి అడిగింది. ఆమెకూ రేణుకూ జగిత్యాలలో ఒకటే బడి. ఇరవై ఏళ్ళ తర్వాత ట్రాయ్‌లో ఒక ఇండియన్ స్టోర్లో ఇద్దరూ ఒకే సొరకాయ మీద చెయ్యి వేసి మళ్ళీ కలుసుకున్నారు. దామోదర్ ఒంగోలు మనిషి. బతుకమ్మ గురించి ఆయనకు తెలిసిందల్లా ఏటా దుకాణాల చుట్టూ కారు తిప్పడం, కుండీలతో సహా చామంతులు కొనడం, "ఇవి పూలేనా, ప్లాస్టిక్ లెక్క ఉన్నయి" అని రేణు విసుక్కుంటుంటే డిక్కీ తెరిచి పట్టుకోవడం.

ఆదివారం ముప్పై మంది వరకూ వస్తారు. రేణు పోయాక పొలాన్ని పాడుపెట్టాడని వాళ్ళలో ఒక్కరు కూడా అనుకోకూడదు. దామోదర్‌కు కావలసింది అంతే. తనను ఏమన్నా ఆయన పట్టించుకోడు. రేణు పొలాన్ని అనకూడదు.

శుక్రవారం నాగమల్లేశ్వరి ఫోన్ చేసింది. "అన్నా, మీరు పొలంల ఏం జెయ్యకండ్రి. ఎట్లున్నదో అట్లనే ఉండనియ్యండ్రి. మేమొచ్చి చూసుకుంటం."

"అయ్యో, దానిదేముందమ్మా."

"నిజంగనే అంటున్న అన్నా. ఏమొద్దు."

దామోదర్ పెరిగిన ఇంట్లో, చుట్టం "ఏమీ చేయకండి" అన్నాడంటే పొయ్యి మీద నూనె మూకుడు పెట్టాలని అర్థం. "నిజంగానే వద్దు" అన్నాడంటే రెండో రకం పిండివంట కూడా చేయాలని. నాగమల్లేశ్వరి రెండుసార్లు వద్దంది. ఆయన తెల్లవారుజామునకే అలారం పెట్టుకున్నాడు.

ఇక్కడ ఆయన చేసిన పొరపాటు ఒక్కటే. కట్టర్ తగిలించేటప్పుడు ఒక చెయ్యి సాయం ఉంటుందని ఆఫీసులో పనిచేసే తేజేశ్వర్‌కు మెసేజ్ పెట్టాడు. తేజేశ్వర్ సాఫ్ట్‌వేర్ మనిషి. ఏ వస్తువు కొనాలన్నా ముందు పది వీడియోలు చూసి, ఆ తర్వాత ఆ వస్తువుతో నిమిత్తం లేకుండా మాట్లాడగలడు. అతను ఆ సంగతి తన పక్కింటి పరంధామయ్యకు చెప్పాడు. పరంధామయ్య రిటైరై పదేళ్ళయింది. వాళ్ళది తెనాలి దగ్గర ట్రాక్టరున్న కుటుంబం. అమెరికాలో ఆయన జ్ఞానానికి పని చెప్పినవాళ్ళు ఇన్నాళ్ళూ లేరు. శనివారం ఉదయం ఇద్దరూ ఒకే వ్యాన్‌లో దిగారు.

డీలర్ వాల్ట్ షెడ్డు ముందు మూడు కట్టర్లు వరసగా పెట్టి ఉన్నాయి. చూడటానికి మూడూ బోర్లించిన పెద్ద ఇనుప పళ్ళేల్లా ఉన్నాయి. వాల్ట్ ట్రాక్టర్ మోడల్ నంబరు అడిగి, "నీకు నాలుగడుగులది చాలు" అన్నాడు. దామోదర్ తల ఊపాడు. పని అక్కడితో అయిపోవలసింది.

"అంకుల్, వన్ మినిట్" అన్నాడు తేజేశ్వర్. "ఫోర్ ఫీట్ అంటే చాలా బేసిక్. రేపు మీరు ట్రాక్టర్ అప్‌గ్రేడ్ చేస్తే? ఫైవ్ తీసుకోండి. ఫ్యూచర్ సేఫ్."

"అయిదేమిటయ్యా అయిదు!" అన్నాడు పరంధామయ్య. "మా ఊళ్ళో ఆరడుగుల రోటవేటర్ వేసి దున్నేవాళ్ళం. పెద్దది ఎప్పుడూ చిన్న పని చేస్తుంది దామోదర్ గారూ. చిన్నది పెద్ద పని చేయమంటే చేస్తుందా? పిల్లాడికి చొక్కా కొనేటప్పుడు ఒక సైజు ఎక్కువే కొంటాం కదా?"

ట్రాక్టర్ ఎదగదని దామోదర్‌కు తెలుసు. పరంధామయ్య గారి ఊరి ట్రాక్టర్ తనదానికి రెట్టింపు బలం గలదనీ, రోటవేటర్ మట్టి దున్నేదే గాని గడ్డి కోసేది కాదనీ తెలుసు. చెప్పవలసిన మాట కూడా తెలుసు. కాని తమ ఇంట్లో "వద్దు" అనే మాట ఎప్పుడూ రేణు చూసుకునేది. అమ్మడానికి వచ్చినవాళ్ళకు, చందాలకు వచ్చినవాళ్ళకు, రెండోసారి వడ్డించబోయేవాళ్ళకు ఆమే చెప్పేది. దామోదర్ పక్కన నిలబడి మంచివాడనిపించుకునేవాడు. ఆమె పోయాక ఆ పదవి ఖాళీగానే ఉంది. ఆయన ఇంట్లో ఇప్పుడు రెండు ఎయిర్ ఫ్రయ్యర్లు, నాలుగు పత్రికల చందాలు ఉన్నాయి.

"సరేనండీ" అన్నాడు తేజేశ్వర్‌తో.

"అలాగేనండీ" అన్నాడు పరంధామయ్యతో.

ఇద్దరికీ సరేనన్నాక పెద్దవారి మాట నిలబడింది. ఆరడుగులది తెమ్మనేసరికి వాల్ట్ మోడల్ నంబరు మళ్ళీ అడిగాడు. దామోదర్ మళ్ళీ చెప్పాడు. వాల్ట్ ఆయన వైపు, తర్వాత పరంధామయ్య వైపు చూసి, కుటుంబ వ్యవహారమని గ్రహించినవాడిలా ట్రెయిలర్ తేవడానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వాల్ట్ మనుషులు పొలంలో కట్టర్ దింపి, ట్రాక్టర్‌కు తగిలించి వెళ్ళారు. ట్రాక్టర్ ముందుండే మట్టి ఎత్తే తొట్టిని తేజేశ్వర్ అంతకుముందే విప్పించాడు. అది లేకపోతే మలుపులు సులువని ఒక వీడియోలో చూశాడట. వెనక నుంచి చూస్తే ఇప్పుడు ట్రాక్టర్ కనిపించడం లేదు. కట్టర్ తనంతట తాను వచ్చి నిలబడినట్టుంది.

"పూజ కాకుండా కదలకూడదు" అన్నాడు పరంధామయ్య. ఆయన పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చాడు. విడిగా దొరకలేదని నిమ్మకాయలు ఏకంగా సంచెడు తెచ్చాడు. కట్టర్‌కు బొట్లు పెట్టాడు, దామోదర్‌కు పెట్టాడు, అడ్డంగా నిలబడినందుకు తేజేశ్వర్‌కూ పెట్టాడు. ముందు చక్రాల కింద రెండు, వెనక చక్రాల కింద రెండు నిమ్మకాయలు ఉంచి, "కానివ్వండి!" అన్నాడు.

దామోదర్ లివర్ ఎత్తాడు. కట్టర్ లేచింది. దాని బరువుకు ట్రాక్టర్ ముందు చక్రాలు కూడా లేచాయి. నిమ్మకాయలకు జానెడు ఎత్తున, వాటిని ఆశీర్వదిస్తున్నట్టు ఆగాయి. ట్రాక్టర్ అలాగే రెండడుగులు ముందుకు వెళ్ళింది. వెనక నిమ్మకాయలు చితికాయి. ముందువి చెక్కు చెదరలేదు.

"నిమ్మకాయ చితకలేదు!" పరంధామయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అపశకునం! దిగండి, దిగండి!"

"అపశకునం కాదు అంకుల్, బ్యాలెన్స్ ఇష్యూ" అన్నాడు తేజేశ్వర్, ఆ మాట మొదట తనకే తట్టినట్టు. "ముందు వెయిట్ పెట్టాలి. తొట్టి మళ్ళీ తగిలించి అందులో ఏదైనా వేద్దాం. రాళ్ళున్నాయా?"

రాళ్ళు లేవు. కాని తేజేశ్వర్ గరాజ్‌లో బియ్యం ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఇండియా నుంచి బియ్యం ఆగిపోతున్నాయన్న వార్త వచ్చిన రోజున అతను మూడు దుకాణాలు తిరిగి కొన్న బస్తాలు అవి. భార్య అంకిత ఇప్పటికీ కారు బయటే పెట్టుకుంటోంది. అతను వ్యాన్ వేసుకుని వెళ్ళి ఉత్సాహంగా తిరిగివచ్చాడు. ముగ్గురూ కలిసి తొట్టి తగిలించి, బస్తాలు దానిలో పేర్చారు. ఈసారి ముందు చక్రాలు నేల మీద నిలబడ్డాయి. నిమ్మకాయలు శాస్త్రోక్తంగా చితికాయి. ఆ ఆనందంలో తేజేశ్వర్ ఒక ఫోటో తీశాడు. బొట్టుతో ట్రాక్టర్ మీద దామోదర్, ముందు బియ్యం బస్తాల గుట్ట. దానికింద "రేపు రేణు ఆంటీ పొలంలో బతుకమ్మ. రైస్ లోడెడ్!" అని రాసి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

దామోదర్ షెడ్డు దగ్గర మొదలుపెట్టి, పొలం చివర వాన నీరు నిలిచే చిన్న కుంట వైపు పోనిచ్చాడు. చిక్కటి మొక్కల్లో, ఆరడుగుల వెడల్పున, ట్రాక్టర్ మూలుగుతూ కదిలింది. పది గజాలకోసారి ఆగి ఊపిరి తీసుకుంది. కుంట చేరేసరికి ఒక్క చాలు పూర్తయింది. దాని వంకరలు చూసి పరంధామయ్య, "మొదటిది అలాగే ఉంటుంది" అన్నాడు. దామోదర్ వెనక్కి తిప్పాడో లేదో, గడ్డిలో దాగిన పాత కంచె మొద్దు ఒకటి కట్టర్‌కు తగిలింది. టప్‌మని చప్పుడయింది. ఇంజను తిరుగుతోంది, బ్లేడు తిరగడం లేదు.

ఇంజను బలాన్ని కట్టర్‌కు అందించే ఇరుసులో ఒక మెత్తటి బోల్టు ఉంటుంది. బ్లేడు దేనికైనా గట్టిగా తగిలితే ముందు అది విరగాలి. విరగడానికే దాన్ని అక్కడ పెడతారు. వాల్ట్‌కు ఫోన్ చేస్తే దుకాణం మూసేశామనీ, బోల్టు సోమవారమే ఇవ్వగలననీ చెప్పాడు.

"ఓస్, బోల్టేగా!" పరంధామయ్య అప్పటికే పనిముట్ల పెట్టెలో చెయ్యి పెట్టి, నిగనిగలాడే ఉక్కు బోల్టు ఒకటి పైకి తీశాడు. "ఇది వేద్దాం. జన్మలో విరగదు."

"వద్దు" అన్నాడు దామోదర్.

ఎవరన్నారోనని తేజేశ్వర్ వెనక్కి తిరిగి చూశాడు. దామోదర్‌కే ఒక క్షణం అర్థం కాలేదు.

"వద్దండీ" అని మళ్ళీ అన్నాడు. "విరగాల్సింది విరగకపోతే లోపల గేర్‌బాక్స్ పోతుంది."

"మరి రేపటికి గడ్డి?"

దామోదర్ పొలం వైపు చూశాడు. ఐదెకరాల పిచ్చిమొక్కలు గాలికి ఊగుతున్నాయి. వాటి మధ్య వంకరగా ఒక చాలు ఉంది. పొలం ఉదయం కన్నా ఇప్పుడే ఎక్కువ పాడుపడినట్టుంది.

అప్పుడే ఫోన్లు మోగడం మొదలైంది. గ్రూపులో ఫోటో చూసినవాళ్ళు బియ్యం బస్తాలు లెక్కపెట్టుకున్నారు. "అన్నదానం అంటే మేము తప్పక వస్తాం." "ట్రాయ్ నుంచి రెండు వ్యాన్లు." "పెరుగు మా ఇంటి నుంచి." "మంచి పని చేస్తున్నారు దామోదర్ గారూ, రేణు గారి ఆత్మ శాంతిస్తుంది." దామోదర్ "అన్నదానం కాదండీ, ఆ బియ్యం బరువు కోసం" అని టైపు చేశాడు. చివరి మెసేజ్ ఇంకోసారి చదివి, టైపు చేసింది చెరిపేసి, దణ్ణం బొమ్మ ఒకటి పెట్టాడు. అది చూసి ఇంకో నాలుగు కుటుంబాలు బయల్దేరతామన్నాయి.

ఆదివారం ఉదయం కూతురు వేద ఆన్ ఆర్బర్ నుంచి వచ్చింది. యూనివర్సిటీలో చదువుతోంది. షెడ్డు ముందు చాలాసేపు నిలబడింది.

"నాన్నా, వై ఈజ్ దేర్ రైస్ ఇన్ ద ట్రాక్టర్?"

"బరువుకి."

"ఓకే. అండ్ నిమ్మకాయలు?"

"అది పరంధామయ్య అంకుల్‌ని అడుగు."

ఆమె అడగలేదు. తెలివైన పిల్ల.

మధ్యాహ్నానికి కార్లు బారులు తీరాయి. పట్టుచీరలు గట్టు మీద దిగుతున్నాయి. దామోదర్ క్షమాపణ సిద్ధం చేసుకున్నాడు. కట్టర్, బోల్టు, సోమవారం అని మూడు ముక్కలుగా కంఠతా పట్టి నాగమల్లేశ్వరి కారుకు ఎదురెళ్ళాడు. ఆమె దిగగానే చూసింది ఆ వంకర చాలునే.

"ఇదెవలు కొట్టిండ్రు?" గొంతు గట్టిగానే ఉంది.

"నేనేనమ్మా. నిన్ననే అంతా శుభ్రం అయిపోయేది. కట్టర్ కాస్త పెద్దదయింది. బోల్టు విరిగి..."

"మిగిలింది ముట్టలేదు గద?"

"లేదమ్మా. అందుకే క్షమించమని..."

నాగమల్లేశ్వరి కారు తలుపుకు ఆనుకుని ఊపిరి వదిలింది. తర్వాత పొలం వైపు చూస్తూ ఉండిపోయింది. వెనక దిగినవాళ్ళు కూడా ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. దామోదర్ కూడా అటు చూశాడు. నడుమెత్తున పసుపు పచ్చగా పూసిన కంకులు, మధ్యమధ్య గొడుగుల్లాంటి తెల్లపూలు, కుంట దగ్గర ఊదారంగు పూల గుబుర్లు. నిన్న ఆయన వాటి మీద నుంచే ట్రాక్టర్ నడిపాడు.

"రేణు మీకు చెప్పలేదా అన్నా?"

"ఏమని?"

"అగో, ఆ పచ్చటిది చూడుండ్రి, మన తంగేడు లెక్క లేదూ? తెల్లది గునుగు అనుకోండ్రి. ఊదాది కట్లపువ్వు. మూడూ ఒక్కకాడ ఈ దేశంల యాడ దొరుకుతయి? జాగ కొన్న నాడు నాకు ఫోన్ జేసింది. 'మల్లేశూ, మన ఊరి గుట్ట దొరికిందే' అన్నది. 'ఆయనకు జెప్పకు. మొదటి బతుకమ్మ నాడు నేనే చూపిస్త' అన్నది."

రేణు ఆ రోజు నిలబడిన చోటు ఎక్కడో దామోదర్ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. తెల్లపూల దగ్గర కావచ్చు. వేద వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఫోన్ల చెప్తి గద మీకు, ఏం జెయ్యకండ్రని" అంది నాగమల్లేశ్వరి, కళ్ళు తుడుచుకుని. "రెండుసార్లు చెప్తి!"

"అందుకే చేశానమ్మా" అన్నాడు దామోదర్.

ఆమె ముందు నోరు తెరిచి చూసింది, తర్వాత నవ్వింది. నవ్వుతూనే కొంగు నడుముకు దోపి, "పదుండ్రమ్మా!" అని పొలంలోకి దిగింది.

ఆ తర్వాత దామోదర్ చేయడానికి ఏమీ మిగలలేదు. వచ్చినవాళ్ళు వందకు పైనే. తొట్టిలోంచి బియ్యం దింపి షెడ్డు వెనక గ్యాసు పొయ్యిల మీద వండారు. చితకకుండా మిగిలిన నిమ్మకాయలన్నీ పులిహోరలోకి పోయాయి. గరాజ్ ఖాళీ అవుతోందని తెలిసి అంకిత అందరికన్నా ముందు గరిటె పట్టింది. కార్లకు చోటు లేకపోతే వంకర చాలు పొడుగునా ఒకదాని వెనక ఒకటి పెట్టించి, తేజేశ్వర్ దానికి పార్కింగ్ ప్లాన్ అని పేరు పెట్టాడు.

ఇందరు ఆడవాళ్ళు, ఇన్ని పూలు. బతుకమ్మ ఒక చెక్క పలక మీద మొదలై, పేరుస్తూ పేరుస్తూ వేద భుజం దాకా లేచింది. చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగి, పాడి, అలసిపోయి, నీళ్ళలో వదలడానికి ఎత్తబోతే నలుగురికి కూడా కదల్లేదు.

"ట్రాక్టర్ ముందు తొట్టిలో పెట్టి తీసుకెళ్దామా?" అంది వేద.

"ముందు అంత బరువెత్తితే వెనక చక్రాలు తేలుతాయేమో" అన్నాడు తేజేశ్వర్.

దామోదర్ వెనక తగిలించి ఉన్న ఆరడుగుల కట్టర్ వైపు చూశాడు. "తేలవు" అన్నాడు.

కార్లు పక్కకు జరిగాయి. తొట్టిని నేలకు ఆనిస్తే, పదిమంది పట్టి పలకను అందులోకి జరిపారు. ట్రాక్టర్ మెల్లగా, ఒక్క పువ్వు రాలకుండా, వంకర చాలు వెంట కుంట దాకా వెళ్ళింది. ముందు బతుకమ్మ, వెనక కట్టర్, నాలుగు చక్రాలూ నేల మీదే. పక్కన నడుస్తున్న పరంధామయ్య కనిపించిన ప్రతివారితోనూ, "ఆరడుగులది తీసుకోమన్నది నేనే. నాలుగడుగులది కొని ఉంటే నిన్న సాయంత్రానికి ఒక్క పువ్వు మిగిలేదా?" అన్నాడు. దామోదర్ లెక్క వేసి చూశాడు. నాలుగడుగులది తన ట్రాక్టర్‌కు సరిగ్గా సరిపోయేది. నిజమే, ఒక్కటి కూడా మిగిలేది కాదు.

సోమవారం వాల్ట్ ఫోన్ చేశాడు. బోల్టు వచ్చిందన్నాడు. ఆ కట్టర్ నీకు పెద్దదని శనివారం నుంచీ తన మనసు మనసులో లేదనీ, వెనక్కి తెస్తే నాలుగడుగులది ఇస్తాననీ చెప్పాడు.

"వద్దు వాల్ట్" అన్నాడు దామోదర్. "అది పనిచేస్తుంది."